దగ్గిన శవం

శవం మళ్ళీ దగ్గింది.

హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్న ఘట్టం అది. రంగస్థలం మీద ఇన్‌స్పెక్టరు ఇద్దరు అనుమానితుల చుట్టూ తిరుగుతున్నాడు. ఒకరు వంటమనిషి, ఇంకొకరు మేనల్లుడు. వాళ్ళ కాళ్ళ దగ్గర, తివాచీ మీద ఇంటి యజమాని వెల్లకిలా పడి ఉన్నాడు. భోజనంలో విషం తిని చచ్చి అప్పటికి చాలాసేపయింది.

"ఈ గదిలో ఒకరు అబద్ధమాడుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి.

"ఖళ్... ఖళ్" అంది శవం.

వెనక వరసలోంచి ఎవరో "ఆ అబద్ధమాడేది ఆయనే" అన్నారు. ఇక హాలుని ఆపడం ఎవరి తరమూ కాలేదు. హత్యానాటకం కాస్తా ఆ సాయంత్రానికి హాస్యనాటకమైపోయింది.

తెర పడగానే మేస్టారు అలంకరణ గదిలోకి వచ్చాడు. నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ ఆయనే. కోపం వస్తే అరవడు. మర్యాదగా మాట్లాడతాడు. అందుకే ఆయన కోపమంటే అందరికీ భయం.

"ఏమయ్యా, ఇది ఎన్నోసారి?"

"లెక్కపెట్టలేదు మేస్టారూ. నేను చచ్చిపోయి ఉన్నాను కదా" అన్నాడు శవం వేషం వేసే మనిషి. బృందంలో అందరూ అతన్ని బాబాయ్ అంటారు. యాభై దాటిన వయసు, గుండ్రటి ముఖం, ఎవరినీ నొప్పించని స్వభావం. గొంతు మాత్రం కొన్ని నెలలుగా బొంగురుపోయి ఉంది.

"నా నాటకానికి ఉన్న పేరేమిటి?"

"శవం కదలదు, తెర పడదు" అని బాబాయ్ నెమ్మదిగా అప్పజెప్పాడు. పోస్టర్ల మీద పెద్ద అక్షరాలతో ఉండే మాట అది. మిగతా నాటకాల్లో హత్య జరగ్గానే తెర దించి శవాన్ని మోసుకుపోతారు. ఇక్కడ అలా కుదరదు. యజమాని ప్రేక్షకుల కళ్ళెదుటే నిజం భోజనం తినాలి, అక్కడే నేల మీద పడి చావాలి, ఆఖరిదాకా అక్కడే ఉండాలి. జనం టికెట్టు కొనేది దానికోసమే.

"వచ్చే నెల హాళ్ళాయన వస్తున్నారు" అన్నాడు మేస్టారు. "ఊరూరా ఆయనకి హాళ్ళున్నాయి. నాటకం నచ్చితే ఏడాది పొడుగునా తిప్పుతారు. ఆ రోజు శవం దగ్గితే మన పని గోవిందా. అందుకని ముందుజాగ్రత్త పడ్డాను."

తలుపు పక్కనున్న ముసుగు లాగాడు. లోపల మైనపు బొమ్మ ఉంది. గుండ్రటి ముఖం, మూసిన కళ్ళు, అచ్చం బాబాయే.

"దీనికి ఊపిరితిత్తులు లేవు. దీనికున్న అర్హత అదే. ఆ రోజు నుంచీ భోజనం సీను తీసేస్తాను. తెర లేచేసరికే శవం పడి ఉంటుంది."

"మరి నేను?"

"గుమ్మం దగ్గర టికెట్లు చింపే కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది" అని మేస్టారు మర్యాదగా వెళ్ళిపోయాడు.

బాబాయ్ బొమ్మకేసి చూశాడు. కుర్రతనం నుంచీ రంగు పూసుకుంటున్న ముఖం తనది. దాన్ని ఒక మైనపుముద్ద ఎత్తుకుపోబోతోంది.

మూలన కూర్చుని అంతా వింటున్న బాబాయ్ భార్య కుట్టుపెట్టె మూసింది. బృందానికి దుస్తులు కుట్టేది ఆవిడే, రంగస్థలం మీద భోజనం సర్దేదీ ఆవిడే. అందరికీ పిన్ని. "దానికి పొద్దున్న కోటు తొడిగి చూశాను" అంది. "మెదలకుండా నిలబడింది. ఆ విషయంలో నీకన్నా నయమే. కానీ పొద్దస్తమానం దాని మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆ దగ్గు సంగతేదో తేల్చు."

తేల్చడానికి చేయని ప్రయత్నం లేదు. మొదటి అనుమానం తివాచీ మీదికి పోయింది. దాన్ని ఎండలో వేసి దుమ్ము రాలగొట్టారు. తరవాత పొగయంత్రం మీదికి పోయింది. దాన్ని ఆపేశారు. ఆ పైన ఇన్‌స్పెక్టరు వేషం వేసే కుర్రాడు రంగంలోకి దిగాడు. అతను పిన్ని తమ్ముడే. గొంతు పాడైతే నటులందరూ చప్పరించే పుదీనా బిళ్ళలు డబ్బాలకొద్దీ తెచ్చి బావ జేబులో పోశాడు. రంగస్థలం మీద పడబోయే ముందు కూడా బాబాయ్ ఒకటి బుగ్గన పెట్టుకునేవాడు. దగ్గు తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఇంకో సంగతి బాబాయ్ ఎవరితోనూ అనలేదు. రొమ్ములో మంట. పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతుదాకా ఎగదన్నడం. వయసు మీద పడితే ఇలాంటివి మామూలే అనుకుని ఊరుకున్నాడు.

అప్పుడే తలుపు మీద ఎవరో తట్టారు.

"శవంగారు ఉన్నారా?"

నెరిసిన జుట్టు, చేతిలో నాటకం టికెట్టు. ఒక పెద్దావిడ తొంగిచూస్తోంది. "నేను కడుపు డాక్టర్ని. ముందు వరసలో కూర్చున్నాను. కిందటి వారం కూడా వచ్చాను. అప్పుడూ ఇదే చోట దగ్గారు. ఇంటికి వెళ్ళినా మనసు ఊరుకోలేదు. హంతకుడెవరో తెలిసిపోయింది కానీ, మీ దగ్గెందుకో తెలియలేదు."

"దుమ్మండీ" అన్నాడు, వేషం విప్పకుండా అక్కడే ఉన్న బావమరిది. "తివాచీలో."

"రిహార్సల్లో దగ్గుతారా?"

బాబాయ్ ఆలోచించాడు. "లేదండీ."

"రిహార్సల్లో భోజనం?"

"ఖాళీ ప్లేటేనండీ. తిన్నట్టు నటిస్తాను."

"తివాచీ?"

"అదే తివాచీ."

"అయితే తివాచీ నిర్దోషి" అంది డాక్టరమ్మ. "దాన్ని వదిలెయ్యండి. నాటకం రోజున ఏం తింటారు?"

పిన్ని చెప్పింది. టొమాటో సూపు, నూనెలో వేయించిన చేప, చాక్లెట్ కేకు, కప్పు నిండా చిక్కటి కాఫీ. అన్నీ నిజమైనవే.

"తిని ఎంతసేపటికి పడుకుంటారు?"

"పడుకోవడం కాదండీ, చావడం. మూడు నిమిషాలు పట్టదు."

డాక్టరమ్మ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. "గుండెల్లో మంట ఉంటుందా? నోట్లోకి పులుపు వస్తుందా?"

బాబాయ్ భార్యకేసి ఒకసారి చూసి, తల దించుకుని "ఉంటుందండీ. చాలాకాలం నుంచీ" అన్నాడు.

"నాతో చెప్పలేదేం?" అంది పిన్ని.

"నువ్వు కంగారుపడతావని."

"ఇప్పుడు పడట్లేదనుకున్నావా?"

డాక్టరమ్మ ఇద్దరినీ ఆపింది. "మొగుడూ పెళ్ళాల పోట్లాట తరవాత. చూడండి, తిండి వెళ్ళే గొట్టానికీ కడుపుకీ మధ్య ఒక తలుపు ఉంటుంది. మీకది వదులైంది. నిండా తిని వెల్లకిలా పడితే లోపలి ఆమ్లం ఆ తలుపు తోసుకుని గొంతులోకి వస్తుంది. గొంతు ఊరుకోదు, దగ్గుతుంది. ఆ సూపు, వేపుడు, చాక్లెట్టు, కాఫీ చాలామందికి పడవు. అన్నీ ఒకే ప్లేటులో పెట్టుకుని తింటున్నారు మీరు. పైగా ఆ నడుముకి కట్టినదేమిటి?"

యజమానికి దర్జా రావాలని పిన్ని బాబాయ్ పొట్టకి దిండు కట్టి, దాని మీద వెడల్పాటి బెల్టు బిగించేది. బుగ్గలు ఎర్రబడేదాకా.

"అది విప్పెయ్యండి. గొట్టం నొక్కితే పేస్టు పైకి రాదూ? ఇదీ అంతే. ఆ బుగ్గనున్నదేమిటి?"

"పుదీనా బిళ్ళండీ. గొంతుకి మంచిదని."

"గొంతు మాటేమో కానీ, అది ఆ తలుపుని ఇంకా వదులు చేస్తుంది. దొంగకి తాళంచెవి ఇస్తున్నారు మీరు."

బావమరిది చేతిలోని డబ్బాని మెల్లిగా వీపు వెనక్కి పోనిచ్చాడు. "అంటే బావా, ఇన్నాళ్ళూ హంతకుణ్ణి వెతుకుతున్న ఇన్‌స్పెక్టరే..."

"నిన్ను అరెస్టు చేసేవాడు లేడనే కదా నీ ధైర్యం" అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే పిన్ని భర్తని డాక్టరమ్మ ఆస్పత్రికి లాక్కెళ్ళింది. రొమ్ములో మంటంటే ఊహించి వదిలేసేది కాదని డాక్టరమ్మ ముందు గుండె పరీక్ష చేయించింది. మింగేటప్పుడు అడ్డుపడుతోందా, బరువు తగ్గారా, విరేచనం నల్లగా అవుతోందా అని అడిగింది. అలాంటివేమీ లేవని తేలాక స్థిమితపడింది. పొద్దున తిండికి ముందు వేసుకోవడానికి మాత్రలు రాసింది. కొంచెం కొంచెంగా తినమంది. తిన్నాక కనీసం రెండు మూడు గంటలు నడుం వాల్చొద్దంది. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయమంది.

"ఒక్క రోజులో పోయేది కాదు. వారాలు పడుతుంది. మధ్యలో తగ్గిందని మానెయ్యొద్దు" అని చెప్పింది.

"అంతా బానే ఉంది డాక్టరుగారూ. కానీ రెండు మూడు గంటలాగి చావమంటే మేస్టారు ఒప్పుకోరు."

"మరి కూర్చుని చావండి."

ఆ మాట పట్టుకుని బాబాయ్ మేస్టారు దగ్గరికి వెళ్ళాడు. భోజనం బల్ల వెనక ఎత్తైన వీపున్న కుర్చీ ఉంది, అందులోనే చస్తానన్నాడు.

"కుర్చీలో చచ్చేవాడు గుండెపోటుతో చచ్చినట్టుంటాడు" అన్నాడు మేస్టారు. "విషం తిన్నవాడు నేల మీద పడాలి. పోస్టరు మీద బొమ్మ కూడా అలాగే అచ్చయింది."

"పోనీ భోజనమైనా మారిస్తే..."

"నిజం తిండి ఉండాలి. ఘుమఘుమ మూడో వరసదాకా రావాలి." అంతటితో మాట తెగింది.

మేస్టారు తెగ్గొట్టిన చోట పిన్ని కుట్టు వేసింది. ఆయన ఘుమఘుమ అడిగాడు కాబట్టి వేయించిన చేప ఒకటి బల్ల మధ్యన ప్రదర్శనకి పెట్టింది. బాబాయ్ ప్లేటులోకి మాత్రం ఉడికించిన చేప ముక్క వచ్చేది. టొమాటో సూపు స్థానంలో క్యారెట్ సూపు చేరింది. దీపాల వెలుగులో రెండింటికీ తేడా తెలియదు. చాక్లెట్ కేకు బదులు అదే రంగు రొట్టె ముక్క, కప్పులో కాఫీ రంగు వేసిన గోరువెచ్చటి నీళ్ళు. బెల్టు పోయింది, ప్యాంటుని భుజాల మీది పట్టీలు మోస్తున్నాయి. పొట్ట దిండు కోటుకే కుట్టేసింది, కడుపు మీద బరువు లేకుండా.

ఇంట్లో మంచం ఒకవైపు ఎత్తయింది. "పొద్దుటికి ఇద్దరం జారి కాళ్ళ దగ్గర తేలుతున్నాం. సంసారం ఇంత దిగజారుతుందనుకోలేదు" అని పిన్ని తమ్ముడితో చెప్పుకుని నవ్వింది.

మాత్రలు, మితమైన తిండి, ఎత్తు మంచం. ఇవన్నీ మెల్లిగా పనిచేయసాగాయి. పొద్దున లేవగానే నోట్లో ఉండే పులుపు ముందుగా పోయింది. తరవాత రొమ్ములో మంట ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే చుట్టమైంది. బొంగురు గొంతులోంచి పాత గొంతు తొంగిచూడసాగింది. ఇంట్లో బాబాయ్ దగ్గడం మరిచిపోయాడు.

రంగస్థలం మీద మాత్రం పూర్తిగా పోలేదు. ఎంత తక్కువ తిన్నా, తిన్న వెంటనే వెల్లకిలా పడటం మాత్రం తప్పదు కదా. ఒకటో అరో చిన్న పొడిదగ్గు తన్నుకొచ్చేది. బావ గొంతులో కదలిక కనిపించగానే ఇన్‌స్పెక్టరు బూటుతో నేలని దడదడలాడించేవాడు. "ఆ ఇన్‌స్పెక్టరుకి కోపమెక్కువ" అని జనం అనుకునేవారు. మేస్టారు మాత్రం బొమ్మకి కొత్త విగ్గు చేయించాడు.

హాళ్ళాయన వచ్చే రోజు రానే వచ్చింది.

తెర లేవబోతుండగా పిన్ని గిన్నెలతో వచ్చి బల్ల చూసి అలాగే నిలబడిపోయింది. బల్ల నిండుగా ఉంది. పెద్ద హోటలు నుంచి మేస్టారు స్వయంగా తెప్పించాడు. నిప్పులాంటి ఎర్రటి టొమాటో సూపు, నూనె కారుతున్న చేప, నల్లటి చాక్లెట్ కేకు, పొగలు కక్కే కాఫీ.

"హాళ్ళాయన ముందు వరసలో ఉన్నారు. భోజనం సీనే చూడాలని వచ్చారట, అందుకే బొమ్మని ఆపాను" అన్నాడు మేస్టారు, రంగస్థలం పక్కనున్న రెక్క తెర వెనక నుంచి. "ఇవాళ ఉత్తుత్తి తిండి పనికిరాదు. కడుపారా తినమనండి."

గంట మోగింది. పిన్ని పక్కకి తప్పుకోక తప్పలేదు.

బాబాయ్ బల్ల ముందు కూర్చుని ప్లేటు చూశాడు. ముందు వరసలో బూడిదరంగు కోటుతో ఉన్న హాళ్ళాయనని చూశాడు. అతి చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కానీ నాటకంలో మాటలు ముందే రాసి ఉన్నాయి.

"ఇంకొంచెం వడ్డించనా అయ్యగారూ?" అంది వంటమనిషి వేషం వేసిన అమ్మాయి.

"వడ్డించు. నీ వంట తిని చచ్చినా ఫర్వాలేదు" అనాలి బాబాయ్. అన్నాడు. హాలు నవ్వింది. ఆ అమ్మాయి వడ్డించింది. తినక తప్పలేదు.

కాఫీ దిగేసరికి మంట మొదలైంది. పొట్టలో ఎక్కడో అగ్గిపుల్ల గీసినట్టు. ఇక పడాలి. విషం పనిచేసే ఘడియ వచ్చింది. బాబాయ్ గొంతు పట్టుకుని లేచాడు, తూలాడు. ఎదురుగా తివాచీ ఉంది. దాని మీద పడితే ఏం జరుగుతుందో తనకి తెలుసు. ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించే ఘట్టానికి సరిగ్గా దగ్గు అందుకుంటుంది. ఆ తరవాత టికెట్ల కుర్చీ.

కుర్చీ అనగానే వెనక ఉన్న కుర్చీ గుర్తొచ్చింది.

బాబాయ్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఎత్తైన వీపున్న ఆ కుర్చీలోకి ఒరిగి, తల నిటారుగా వీపుకి ఆనించి, కళ్ళు మూసి, చచ్చిపోయాడు.

రెక్క తెర వెనక మేస్టారు జుట్టు పీక్కుంటున్న చప్పుడు పిన్నికి వినిపించింది. దీపాలు తగ్గి, మళ్ళీ వెలిగాయి. ఇన్‌స్పెక్టరు హుందాగా ప్రవేశించాడు.

"నేల మీద పడి ఉన్న ఈ మనిషిని..." అని మొదలుపెట్టి నేలకేసి చూశాడు. అక్కడ మనిషి లేడు.

హాలంతా అతని వైపే చూస్తోంది. అతను తివాచీ చూశాడు. కుర్చీలో బావని చూశాడు. బావ గొంతు ఒకసారి కదిలి ఆగడం చూశాడు. సంగతి అర్థమైంది.

"నేల మీద పడి ఉన్న ఈ మనిషిని" అన్నాడు తాపీగా, "కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు?"

నాటకంలో లేని ప్రశ్న అది. మేనల్లుడి వేషం వేసినవాడు నిజంగానే తెల్లబోయాడు. "నే... నేను కాదు" అన్నాడు. అంత సహజంగా అతను ఎప్పుడూ నటించలేదు.

ముందు వరసలో హాళ్ళాయన కుర్చీ అంచుకి జరిగాడు.

శవం ఇప్పుడు కాళ్ళ దగ్గర లేదు. బల్లకి ఎదురుగా కూర్చుని విచారణంతా వింటున్నట్టు ఉంది. ఎవరేం చెప్పినా దాని ఎదుటే చెప్పాలి. అబద్ధమాడే ప్రతివాడి చూపూ దానిమీదికి పోతోంది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. బాబాయ్ లోపల మంట పైకి పాకింది. రొమ్ము మధ్యకి వచ్చింది. గొంతు గుమ్మందాకా వచ్చింది. అతను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. నిటారుగా కూర్చున్న మనిషిలో అది అంతకన్నా పైకి ఎక్కలేకపోయింది. మెల్లిగా వచ్చిన దారినే దిగిపోయింది.

"ఈ గదిలో ఒకరు అబద్ధమాడుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి, గుండె చిక్కబట్టుకుని.

శవం దగ్గలేదు.

ఇంకో గండం మిగిలే ఉంది. నాటకం ప్రకారం చివర్లో వంటమనిషి నేల మీది శవానికి దుప్పటి కప్పడానికి వంగి, ముఖం చూసి, తట్టుకోలేక నేరం ఒప్పుకుంటుంది. కుర్చీలో కూర్చున్నవాడి మెడదాకా దుప్పటి కప్పితే క్షవరానికి కూర్చోబెట్టినట్టుంటుంది. ఆ అమ్మాయి దుప్పటి పట్టుకుని బిక్కమొహం వేసింది.

ఇన్‌స్పెక్టరు దుప్పటి లాగేసి ఆమె చేతికి గరిటె ఇచ్చాడు. "మీ అయ్యగారికి ఇంకొంచెం వడ్డించండి."

"అయ్యగారు... పోయారు కదండీ."

"అవును. తినరు. మరి మీకు భయమెందుకు?"

ఆమె ప్లేటు దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా జానెడు దూరంలో బాబాయ్ ముఖం. నుదుటి మీద చెమట చుక్క మెరుస్తోంది. ఈయన ఇప్పుడు దగ్గితే నా గతేమిటని ఆ పిల్ల వణికిపోయింది. గరిటె ప్లేటుకి తగిలి టకటకలాడింది. ఆ చప్పుడు ఆఖరి వరసదాకా వినిపించింది.

"నా వల్ల కాదు" అంది గరిటె వదిలేసి. "నేనే వడ్డించాను. నేనే చంపాను."

తెర పడింది. తరవాత వచ్చిన చప్పట్లకి రెక్క తెరలు ఊగాయి.

మేస్టారు రంగస్థలం మీదికి దూసుకొచ్చాడు. నోరు తెరిచేలోగా హాళ్ళాయన వెనకే వచ్చాడు.

"అద్భుతంగా ఉంది. శవాన్ని సాక్షిలా కూర్చోబెట్టారు. ఇన్ని నాటకాలు చూశాను, ఇలాంటిది చూడలేదు. ఎవరికొచ్చిందండీ ఈ ఆలోచన?"

మేస్టారు బాబాయ్‌ని చూశాడు. హాళ్ళాయనని చూశాడు. "ఎన్నాళ్ళుగానో మనసులో మెదులుతోందండీ" అన్నాడు వినయంగా.

"ఏడాది తిప్పుదాం. కానీ కూర్చునే చావాలి. ఈయనే చావాలి."

ఆయన వెళ్ళాక మేస్టారు గొంతు సవరించుకున్నాడు. "బొమ్మని రేపే వెనక్కి పంపేస్తాను. ఇకనుంచి కుర్చీలోనే చద్దువుగాని."

"అలాగే మేస్టారూ. భోజనం మాత్రం మా ఆవిడ వండిందే."

"నా నాటకంలో వంటకాలు నువ్వు నిర్ణయిస్తావా?"

"లేదండీ" అన్నాడు బాబాయ్ అంతే మర్యాదగా. "దగ్గమంటారా?"

మేస్టారు పిన్నివైపు తిరిగి "ఘుమఘుమ మాత్రం తగ్గకూడదమ్మా" అని వెళ్ళిపోయాడు.

హాళ్ళాయన అందరికీ విందు ఇస్తానన్నాడు. బావమరిది పరుగెత్తాడు. బాబాయ్, పిన్ని మాత్రం విందుకి వెళ్ళకుండా ఇంటిదారి పట్టారు. ఆ హోటలు భోజనం దిగేదాకా నడుం వాల్చే యోగం లేదు కాబట్టి దగ్గరిదారి వదిలి చుట్టుదారిన నడిచారు. వీధిదీపాలు మసకమసకగా వెలుగుతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి బాబాయ్ ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు. గొంతు ఎక్కడా పట్టుకోవడం లేదు.

"అయితే ఏడాది పొడుగునా రోజూ చావడమేనా నీ పని?" అంది పిన్ని.

"సాయంత్రాలే కదే" అన్నాడు బాబాయ్. "పగలంతా బతికే ఉంటాను."